పాత మోటారుసైకిలుకు మరమ్మతు – ఎంతవరకు?

(పాల సంఘాల సభ్యుల శిక్షణ సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



ఇన్‌స్పెక్టరు మాట్లాడతాడంటే సభ్యులు రెండు విషయాలు ముందే ఊహించుకుంటారు. రికార్డులు సరిగా లేవంటాడు, మహాజన సభ వేళకు జరపలేదంటాడు. ఈ రోజు ఆ రెండూ చెప్పబోవడం లేదు. లోపలికి వచ్చేముందు చింతచెట్టు కింద మీరు నిలిపిన బండ్లను ఒకసారి చూసి వచ్చాము. నలభైకి పైగా ఉన్నవి. అందులో సగానికి తక్కువ కాకుండా పదేళ్లు దాటినవే. రెండింటికి కిక్కు రాడ్డు తాడుతో కట్టి ఉన్నది. ఒకదానికి స్టాండు లేక రాయి ఆనించి ఉన్నది. వాటిని చూశాక, మేము చెప్పదలచుకున్న విషయానికి ఇదే తగిన చోటు అని ధైర్యం వచ్చినది.

పాత బండికి డబ్బు పెడుతూ పోవడం ఎక్కడ ఆపాలి? ఇది చిన్న విషయంగా కనబడవచ్చు. కాని పాడిరైతుకు బండి షికారు వస్తువు కాదు. పాకలోని గేదెకూ సంఘంలోని తూకానికీ మధ్య వంతెన అది. వంతెన కూలితే ఇటు ఉన్న పాలు అటు చేరవు.

ముందుగా ఒక మాట ఒప్పుకొనవలసి ఉన్నది. మేము చదివినది సహకార డిప్లొమా. మెకానిక్కు పని మాకు రాదు. లెక్కలు చూడటం మాత్రం వచ్చు. అయినా ఇతరుల లెక్కలు ఇరవై ఎనిమిదేళ్లుగా చూస్తూ, సొంత బండి లెక్క ఒక్కనాడూ చూసుకొనలేదు. దాని ఫలితమేమిటో మొదట చెబుతాము. మా తప్పు ముందు చెప్పి, ఆ తర్వాత మీకు సలహా చెప్పడం న్యాయం.

మేము 2006లో ఒక 100 సి.సి. మోటారుసైకిలు కొన్నాము. సంఘాల తనిఖీలన్నీ దాని మీదనే తిరిగాము. మా పిల్లలిద్దరినీ బడికి దించినదీ అదే. 2021లో పదిహేనేళ్లు నిండితే రిజిస్ట్రేషను మరో ఐదేళ్లకు పొడిగించుకున్నాము. 2023లో ఇంజను పొగ వదలడం మొదలుపెట్టినది. మెకానిక్కు చూసి, బోరు కొట్టించి పిస్టను, రింగులు, టైమింగు చైను మార్చాలన్నాడు. 9,500 రూపాయలు అయినది. ఇచ్చాము. ఇంజను మళ్లీ కొత్తదానిలాగా పాడినది. మేము సంతోషించాము.

ఎనిమిది నెలల తర్వాత పంక్చరు వేయించబోతే, చక్రం విప్పిన కుర్రవాడు వేలు పెట్టి చూపించాడు. వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగార్మ్ చట్రానికి కలిసే చోట తుప్పు తిని, వెంట్రుక మందాన పగులు ఉన్నది. “సార్, ఈ బండి ఇక చాలించండి” అన్నాడు. ఆ మాట మాకు రుచించలేదు. ఎందుకంటే మనస్సులో ఒకటే అంకె తిరుగుతున్నది: 9,500. ఎనిమిది నెలల కింద అంత డబ్బు పోసి ఇప్పుడు తీసేయడమా! ఆరు వందలిచ్చి వెల్డింగు పెట్టించాము. బండి నడిచినది. మా తెలివికి మేమే మెచ్చుకున్నాము.

అదే సంవత్సరం కార్తీక మాసంలో మా శ్రీమతిని వెనుక కూర్చోబెట్టుకుని గుడికి వెళ్లి వస్తూ ఉండగా, ఒక కల్వర్టు దగ్గర గతుకులో వెల్డింగు విడిపోయినది. వెనుక చక్రం పక్కకు లాగేసినది. వేగం తక్కువ గనుక, వెనుక లారీ ఏదీ రాలేదు గనుక ప్రాణాలు దక్కినవి. మాకు మోకాళ్లు గీసుకుపోయినవి. ఆమెకు కుడి మణికట్టు విరిగినది. ఆరు వారాలు కట్టు. ఆసుపత్రి వరండాలో కూర్చున్నప్పుడు ఆమె ఒకటే మాట అన్నది: “తొమ్మిదివేల ఐదొందలు బాగానే కాపాడుకున్నామండీ.”

సభ్యులారా, ఆడిట్ అభ్యంతరాలు మేము చాలా వ్రాశాము. ఇంత సూటిగా ఒక్కటీ వ్రాయలేకపోయాము.

ఆ ఆరు వారాలూ వంట మేమే చేశాము. ఒకనాడు రేకుల పెట్టెలోనుంచి పాత బిల్లులన్నీ తీసి, సంఘం వోచర్లు సరిచూసినట్టు సరిచూశాము. అప్పుడు బోధపడిన విషయాలనే ఈ రోజు మీకు మనవి చేస్తున్నాము.

మొదటి విషయం. సహకార సంఘంలో ఒక సభ్యునికి ఒక ఓటు. ఎన్ని వాటాలున్నా ఒకటే ఓటు. సభ్యత్వం వదులుకుని వెళ్లిపోయినవారికి ఓటు లేదు. వారు ఎంత పెద్దమనిషి అయినా, సంఘానికి ఎంత సేవ చేసినా మహాజన సభలో చెయ్యెత్తడానికి లేదు. మన జేబులోనుంచి వెళ్లిపోయిన రూపాయి కూడా అటువంటిదే. బండికి నిన్న పెట్టిన డబ్బు, బండి ఉంచినా తిరిగి రాదు, అమ్మినా తిరిగి రాదు. కనుక ఉంచాలా తీసేయాలా అన్న నిర్ణయంలో దానికి ఓటు లేదు. ఇకముందు పెట్టవలసిన రూపాయికే ఓటు ఉన్నది. మేము చేసిన తప్పు ఇదే. పోయిన 9,500 చేత ఓటు వేయించాము.

ఈ సూత్రం మీకు కొత్తది కాదు. గేదె విషయంలో మీరు దీనిని మాకంటే బాగా పాటిస్తారు. ఒట్టిపోయి, రెండుసార్లు ఎదకు వచ్చినా చూడి కట్టని గేదెను ఉంచాలా అమ్మాలా అని చూసేటప్పుడు, దాన్ని ఎంతకు కొన్నదీ, కిందటేడు ఎంత దాణా పెట్టినదీ లెక్కవేయరు. వచ్చే ఈత ఎప్పుడు, పొదుగు ఎట్లా ఉన్నది, అప్పటిదాకా మేత ఎంత అని చూస్తారు. ముందుకు చూస్తారు, వెనక్కు చూడరు. బండి దగ్గరకు వచ్చేసరికి అదే రైతు “మొన్ననే పెట్టాను సార్” అంటాడు.

రెండవ విషయం. ఖర్చులన్నిటినీ ఒకే గంపలో వేయకూడదు. బండి బిల్లులను మూడు వరుసలుగా వేరు చేయండి.

మొదటి వరుస: అరిగే వస్తువులు. ఇంజను ఆయిలు, టైర్లు, బ్రేకు షూలు, చైను స్ప్రాకెట్లు, బ్యాటరీ. ఇవి కొత్త బండికైనా తప్పవు. కనుక ఇవి పాత బండి నేరం కాదు. “ఈ ఏడు టైర్లకే మూడు వేలైనది, ఈ బండి దండగ” అనడం సరి కాదు.

రెండవ వరుస: ముసలితనపు మరమ్మతులు. ఇంజను, గేరుబాక్సు, క్లచ్చు, వైరింగు, మాగ్నెట్ కాయిలు, కార్బురేటరు వంటివి. పోల్చి చూడవలసినది ఈ వరుసనే.

మూడవ వరుస: చట్రం, స్వింగార్మ్, ముందు ఫోర్కు. ఈ వరుసకు డబ్బు లెక్క లేదు. దాని సంగతి తర్వాత చెబుతాము.

ఇప్పుడు రెండవ వరుసకు హద్దు ఎక్కడ అన్నది చూద్దాము. కాగితం, పెన్సిలు తీయండి. అంకెలు ఉదాహరణకు మాత్రమే. మీ ఊరి ధరలు మీరు వేసుకొనండి.

కొత్త బండి రోడ్డుమీదకు వచ్చేసరికి 90,000 అనుకుందాము. పదేళ్లు నడిపి 15,000కు అమ్ముతామనుకుంటే, పదేళ్లలో కరిగిపోయేది 75,000. ఏడాదికి 7,500. దీనినే సంఘం పద్దుల్లో తరుగుదల అంటాము. ఇక పెట్టుబడి మీద వడ్డీ. బండి విలువ ఏటా తగ్గుతుంది గనుక సగటున 50,000 మీద నూటికి పది చొప్పున ఏడాదికి 5,000. బీమా తేడా ఒక 1,000. మొత్తం 13,500. అంటే కొత్త బండి ఒక్క రిపేరు కూడా లేకుండా, ఊరికే ఇంటిముందు నిలబడినా ఏడాదికి 13,500 తింటుంది. ఈ మాట షోరూములో ఎవరూ చెప్పరు.

ఇందులోనుంచి పెట్రోలు ఆదా తీసివేయాలి. పాత బండి లీటరుకు 40 కిలోమీటర్లు, కొత్తది 50 ఇస్తుందనుకుందాము. ఏడాదికి 10,000 కిలోమీటర్లు తిరిగేవారికి పాతదానికి 250 లీటర్లు, కొత్తదానికి 200 లీటర్లు పడుతుంది. 50 లీటర్లు మిగులు. లీటరు 110 చొప్పున 5,500. పదమూడున్నర వేలలో ఐదున్నర వేలు పోగా 8,000. ఇదే హద్దు. ముసలితనపు మరమ్మతులు ఏడాదికి సగటున 8,000 లోపు ఉన్నంతవరకు పాత బండే లాభం. దాటితే కొత్తదే లాభం.

ఇక్కడ ఒక చిక్కు గమనించండి. ఏడాదికి 2,500 కిలోమీటర్లు మాత్రమే తిరిగేవారికి పెట్రోలు ఆదా పన్నెండున్నర లీటర్లే. అంటే 1,375 రూపాయలు. వారి హద్దు 12,000 దాటుతుంది. కనుక ఒకే బండి, ఒకే జబ్బు, ఒకే బిల్లు అయినా, రోజూ తిరిగే పొరుగువాడు మానుకొనవలసిన బండిని, తక్కువ తిరిగే మీరు ఉంచుకొనవచ్చు. పక్కింటివారు కొన్నారని కొనవద్దు. పక్కింటివారు ఈడ్చుకొస్తున్నారని ఈడ్చవద్దు.

ఇంకొక చిక్కు. పెద్ద మరమ్మతును ఒక్క ఏడాది నెత్తిన రుద్దకూడదు. 9,000 పెట్టి ఇంజను చేయిస్తే మూడేళ్లు వస్తుందనుకుంటే, ఏడాదికి 3,000 అయినట్టు. పెద్ద బిల్లు చూసి భయపడి మంచి బండిని అగ్గువకు అమ్ముకున్నవారిని చూశాము. మూడు వందలు, ఏడు వందలు, పన్నెండు వందలు అని చిల్లర బిల్లులు కడుతూ మునిగిపోయినవారిని అంతకంటే ఎక్కువమందిని చూశాము. పెద్ద బిల్లు ఒకటి వస్తే భయపడకండి. చిన్న బిల్లులు వరస కడితే మేలుకొనండి.

ఈ లెక్కలో మన వృత్తికి ప్రత్యేకమైన పద్దు ఒకటి కలపాలి. అది దారిలో ఆగిపోవడం. పట్నంలో ఉద్యోగి బండి ఆగితే ఆఫీసుకు ఆలస్యమవుతుంది. మన బండి ఆగితే పాలు పోతవి. పితికిన పాలు పశువు ఒంటి వేడితోనే వస్తవి. చల్లబరచని పాలలో సూక్ష్మజీవులు అరగంటకొకసారి రెట్టింపు అవుతవనుకున్నా, రెండు గంటల ఆలస్యానికి పదహారు రెట్లవుతవి. బల్కు కూలరులో 4 డిగ్రీలకు చల్లబరచడం దీనిని ఆపడానికే. మే నెలలో రోడ్డు పక్కన రెండు గంటలు నిలిచిన క్యాను ఆ కూలరు ముఖం చూసే యోగ్యత పోగొట్టుకుంటుంది.

మా తనిఖీలో చూసిన ఒక సభ్యుని సంగతి చెబుతాము. పేరు, ఊరు అక్కరలేదు. ఆయన ఉండే పల్లె సంఘానికి ఏడు కిలోమీటర్లు. అక్కడి ఎనిమిది ఇళ్ల పాలు రెండు పూటలా ఆయనే బండి మీద తెచ్చి పోస్తారు. 2025 వేసవిలో ఒక ఉదయం మేము సంఘంలో కూర్చుని పాల రిజిస్టరు చూస్తుండగా, తూకం ముగిసి రూటు వ్యాను వెళ్లిపోయాక ఆయన బండి తోసుకుంటూ వచ్చారు. చొక్కా మొత్తం చెమట. పరీక్ష నాళికలో పాలు మరగబెడితే విరిగినవి. 40 లీటర్లు వెనక్కు. లీటరు 50 చొప్పున 2,000 రూపాయలు. ఎనిమిది ఇళ్లకు ఆ పూట సున్న. అందులో ఒక ఇల్లు, ఒక్క గేదె మీద ఇద్దరు మనుమలను సాకుతున్న ముసలమ్మది.

“వారం కిందనే మాగ్నెట్ కాయిలుకు 2,400 పెట్టాను సార్. ఇప్పుడెట్లా మానేది?” అన్నారాయన. ఆ ప్రశ్న ఎక్కడనుంచి వస్తున్నదో మాకు బాగా తెలుసు. మా ఇంట్లోనుంచే వెళ్లినట్టున్నది.

రికార్డు పక్కనబెట్టి ఆయనతో కూర్చున్నాము. బిల్లులు కొన్ని ఉన్నవి. కొన్నింటిని మెకానిక్కు షెడ్డు పుస్తకంలో చూసి వ్రాశాము. పద్నాలుగు నెలల్లో పదకొండు బిల్లులు. ఏ ఒక్కటీ రెండున్నర వేలు దాటలేదు. అందుకే ఆయనకు బరువు తెలియలేదు. మొత్తం 15,400. అందులో టైరు, చైను, ఆయిలు కలిపి 4,900 అరిగే వస్తువులు. అవి తీసివేస్తే 10,500. పాలు వెనక్కు వచ్చినది రెండుసార్లు, 4,000. కలిపితే 14,500. పద్నాలుగు నెలలకు ఇంత అయితే ఏడాదికి సుమారు 12,400. ఆయన తిరిగేది రోజుకు 28 కిలోమీటర్లు, ఏడాదికి సుమారు 10,000. హద్దు 8,000. ఇక మాటలు అక్కరలేదు. అంకెలే చెప్పినవి.

“నేను కంతులు కట్టలేనని పాతదాన్ని లాగుతున్నాను సార్. ఇప్పటిదాకా కడుతున్నది కంతులే అన్నమాట” అన్నారాయన. దీనికంటే బాగా మేము చెప్పలేము.

ఆయన కొత్తది కొనలేదు. నాలుగేళ్లు వాడిన బండి, చట్రం చూపించుకుని కొన్నారు. పల్లెవారు ఎనిమిదిమందీ ఒప్పుకోగా, పాలకవర్గం తీర్మానం మీద లీటరుకు అర్ధరూపాయి రవాణా ఖర్చు ఆయనకు ఇస్తున్నారు. ఇది దానం కాదు. ఎనిమిది ఇళ్ల పాలు ఒక బండి మీద ఆధారపడినప్పుడు ఆ బండి ఒక్కరిది కాదు. అది కూడా సహకారమే.

ఇప్పుడు మూడవ వరుస, అంటే చట్రం. మన బండ్లకు ఇది ముఖ్యం. 40 లీటర్ల క్యానులో పాలే 41 కిలోలు. రెండువైపులా తగిలిస్తే, క్యాన్ల బరువు కాకుండా 82 కిలోలు. మనిషి బరువు వేరే. కొక్కేలకు వేలాడే ఈ బరువు ప్రతి గతుకులోనూ వెనుక చట్రాన్ని, స్వింగార్మ్‌ను, స్పోకులను గుంజుతుంది. పైగా బండిని రాత్రిళ్లు పశువుల పాకలో నిలుపుతాము. పేడ, మూత్రం, తేమ తగిలి ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. పైన రంగు బాగానే ఉంటుంది. లోపల గొట్టం పలుచబడుతుంది.

కనుక పెద్ద మరమ్మతు చెప్పినప్పుడు, ఇంజను విప్పేముందు సీటు విప్పించండి. సైడు కవర్లు తీయించండి. వెనుక చక్రం తీయించి స్వింగార్మ్ అటూ ఇటూ కదిపి చూడమనండి. మడ్డి కడిగి, అతుకుల దగ్గర పగుళ్లు ఉన్నవేమో వెలుతురులో చూడమనండి. ముందు ఫోర్కు వంగినదేమో చూడమనండి. స్వింగార్మ్ బుష్షులు అరిగితే మార్చుకొనవచ్చు, అది సామాన్యమైన పని. చట్రం ముఖ్యమైన చోట పగిలినా, తుప్పుకు తినబడినా ఆ రోజుతో ఆ బండికి సెలవు. వెల్డింగు పెట్టించి పాలు మోయవద్దు, మనుషులను అసలే మోయవద్దు. మేము ఈ వరుస తప్పాము. ముందు ఇంజనుకు డబ్బు పోసి, తర్వాత చట్రం చూశాము. ముందే చూసి ఉంటే 9,500 మిగిలేది. మణికట్టు కూడా మిగిలేది.

కాగితాల సంగతి రెండు మాటల్లో చెబుతాము. పదిహేనేళ్లు నిండగానే బండి రోడ్డెక్కకూడదని కొందరు భయపెడుతున్నారు. మన దగ్గర సొంత వాడకపు మోటారుసైకిలుకు అటువంటి నిషేధం లేదు. బండి యోగ్యంగా ఉంటే రిజిస్ట్రేషను ఐదేసి సంవత్సరాలకు పొడిగించుకొనవచ్చు. అయితే పాత బండ్లకు ఆ రుసుము పెరిగినది. 2022 ఏప్రిల్ 1 నుంచి మోటారుసైకిలుకు 300 ఉన్నది 1,000 అయినది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 2,000 చేశారు. హరిత పన్ను, పొగ పరీక్ష వేరే. పొడిగింపు ఏడు దగ్గరపడినప్పుడు ఈ ఖర్చును కూడా లెక్కలో వేయండి. మరమ్మతు మానాలా వద్దా అని ఆలోచించడానికి అది మంచి సమయం. థర్డ్ పార్టీ బీమా మాత్రం బండి ఎంత పాతదైనా చట్టప్రకారం తప్పనిసరి. బండి విలువ ఐదు వేలే కదా అని బీమా మానినవారు, ఎదుటి మనిషికి దెబ్బ తగిలితే పొలం అమ్మవలసి వస్తుందని గుర్తుంచుకొనాలి.

కొత్త బండి ధర అడిగేటప్పుడు పాత ధర మనస్సులో పెట్టుకొనవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సి.సి. వరకు మోటారుసైకిళ్లపై జి.ఎస్.టి. 28 నుంచి 18 శాతానికి తగ్గినది. మరొక జాగ్రత్త. 2020 తర్వాత వచ్చిన బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు. కంప్యూటరు చెప్పినట్టు పెట్రోలు చిమ్మే ఏర్పాటు ఉన్నది. మీ ఊరి మెకానిక్కు దగ్గర దానికి కావలసిన పరికరం ఉన్నదో లేదో కొనేముందే అడగండి. చెడితే నలభై కిలోమీటర్లు తీసుకుపోవలసి వస్తే అదీ ఖర్చే.

తీసేసే బండిని ఎట్లా తీసేయాలన్నదీ ముఖ్యమే. చాలామంది నోటిమాట మీద ఎవరికో ఇచ్చి డబ్బు తీసుకుంటారు. ఆర్.సి. పుస్తకంలో పేరు మారదు. ఆ బండి రేపు ప్రమాదం చేస్తే, రిజిస్ట్రేషనులో పేరున్నవారే యజమాని, బాధ్యత వారిదే అని 2018లో సుప్రీంకోర్టు చెప్పినది. అమ్మితే పేరు మార్పిడి పూర్తిచేయించండి. తుక్కుకు ఇస్తే రిజిస్ట్రేషను రద్దు చేయించండి. 2021 నాటి నిబంధనల ప్రకారం ప్రభుత్వం గుర్తించిన తుక్కు కేంద్రాలు ఉన్నవి. అక్కడ అప్పగిస్తే ధ్రువపత్రం ఇస్తారు. మా బండిని మేము అట్లాగే అప్పగించాము. అప్పగించేముందు ఒకసారి స్టార్టు చేశాము. ఇంజను మొదటి కిక్కుకే అందుకున్నది. కొంచెం బాధ కలిగిన మాట నిజం. ఇరవై ఏళ్లకు దగ్గరగా మోసినది. బాధపడటం తప్పు కాదు, ఆ బాధకు బిల్లు కట్టడం తప్పు.

చివరిగా, డబ్బు ఎక్కడనుంచి వస్తుంది అని మీరు అడుగుతారు. సంఘం పద్దుల్లో ప్రతి ఏడూ టెస్టరుకూ, జనరేటరుకూ తరుగుదల వ్రాయలేదేమని మేము కార్యదర్శులను నిలదీస్తాము. వస్తువు అరుగుతున్న కొద్దీ డబ్బు పక్కన పెట్టకపోతే, అది ఆగిన రోజు సంఘం చేతులు చాచవలసి వస్తుంది. ఇంటికీ ఇదే నియమం. కొత్త బండి తరుగుదల ఏడాదికి 7,500 అనుకున్నాము కదా. పదిహేను రోజులకొకసారి వచ్చే పాల బిల్లులోనుంచి 300 చొప్పున పొదుపు ఖాతాలో వేయించుకుంటే ఏడాదికి 7,200. బండి బాగున్న రోజుల్లోనే మొదలుపెట్టాలి. అప్పుడు బండి మొండికేసిన రోజున అప్పు భయంతో నిర్ణయం తీసుకొనవలసిన అవసరం ఉండదు. చేతిలో డబ్బు లేకపోవడం వల్లనే మనం పోయిన రూపాయిని పట్టుకుని వేలాడుతాము.

కనుక మా మనవి ఇది. ఇంటికి వెళ్లగానే పిల్లల పాత నోటుపుస్తకం ఒకటి తీయండి. బండి పేరు వ్రాయండి. తేదీ, కిలోమీటర్లు, ఏమి మార్చినది, ఎంత అయినది అని నాలుగు గళ్లు గీయండి. ఐదవ గడిలో పాలు చేరని పూటలు వ్రాయండి. వ్రాసే పని ఇంటి ఇల్లాలికి అప్పగించండి. బండి మీద మమకారం నడిపేవారికి ఎక్కువ, లెక్క మీద పట్టు ఆమెకు ఎక్కువ. ఆరునెలలకొకసారి ఇద్దరూ కూర్చుని చూడండి. హద్దు లోపల ఉంటే నిశ్చింతగా మరమ్మతు చేయించండి, పాతదని సిగ్గుపడవద్దు. హద్దు దాటితే నిన్న ఎంత పెట్టామన్నది తలచుకొనవద్దు. చట్రం పగిలితే పుస్తకం కూడా తెరవవద్దు.

మా ఇంట్లో ఇప్పుడు ఆ పుస్తకం మా శ్రీమతి వ్రాస్తున్నది. చేయి బాగైనది. చలికాలంలో మాత్రం మణికట్టు నొప్పి పెడుతుందంటుంది. అప్పుడప్పుడు పుస్తకం పట్టుకుని ఆ చేత్తోనే మమ్మల్ని పిలుస్తుంది. మేము వెంటనే వెళ్లి లెక్క చెబుతాము.

సాయంత్రం పాలకు వేళ అవుతున్నది. మీరు వెళ్లేటప్పుడు చింతచెట్టు కింద ఒక్క నిమిషం ఆగి, మీ బండి సీటు కింద ఒకసారి చూడండి.